నేత్రాణి దీవి: దగ్గరిదాకా పోయొచ్చాం, కాలు మాత్రం పెట్టలేదు

పెన్నాఇసుక (అనంతపురం)
ఆదివారం, రాత్రి 9:40

సంక్రాంతి సెలవుల్లో కర్ణాటక తీరంలోని మురుడేశ్వరం పోయాం. గుంతకల్లులో రైలెక్కి హుబ్లీలో దిగి, అక్కడి నుంచి బస్సులో ఘాట్ దిగాం. దర్శనం, సముద్రం, ఆ 123 అడుగుల శివుడి ముందు ఫోటోలు అని చెప్పి ఇంట్లోవాళ్ళను తీసుకుపోయాం. మా బావమరిది మాత్రం ఎవరికీ చెప్పకుండా మా ఇద్దరికీ స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్‌తో సముద్రంలో మునగడం, బుక్ చేసి పెట్టాడు. మనిషికి ఐదు వేలు దాటింది. ముందే చెప్పుంటే నేను వచ్చేవాణ్ణి కాదు, ఆ సంగతి వాడికీ తెలుసు.

పొద్దున ఏడింటికి పడవ. ఒడ్డు నుంచి నేత్రాణికి దాదాపు 19 కిలోమీటర్లు, గంటన్నర పట్టింది. మొదటి అరగంట బాగుంది. తర్వాత తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికే ఒప్పజెప్పాను. దీవి మొదట నల్లటి మచ్చలాగా కనిపించింది, దగ్గరయ్యే కొద్దీ కొండయింది. దీవి అంటే తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరి చెట్లు అనుకుంటాం కదా. ఇక్కడ ఇసుకే లేదు. నీళ్ళలోంచి నిట్టనిలువుగా రాయి లేచింది, దాని నెత్తిన అడవి. మన పెనుకొండ కొండను పెకలించి తెచ్చి నడి సముద్రంలో దించినట్టుంది. పైనుంచి చూస్తే గుండె ఆకారంలో ఉంటుందని పడవలో అందరూ ఒకటే చెప్పుకుంటున్నారు. కింద కూర్చుని వాంతులు చేసుకునేవాడికి ఆ గుండె ఎట్ల కనిపిస్తుంది!

దాని మీద మనుషులు ఉండరు. మమ్మల్నీ దిగనివ్వలేదు. లంగరేసి ఇంజన్ ఆపేశాక పక్షుల గోల వినిపించింది. రాతి సందుల్లో పావురాలు, పైన తిరిగే పెద్ద గద్దలు. ఈ దీవికి పిజియన్ ఐలాండ్ అని ఇంకో పేరుందంటే నమ్మబుద్ధయింది.

రెండు సందేహాలు. ఒకటి, ఆ పెద్ద గద్ద ఏది? తల, కడుపు తెల్లగా ఉన్నాయి. నేను గరుడ పక్షి అన్నాను, బావమరిది కాదన్నాడు. రెండోది, కొండ అంచు మీద మేకల్లాంటివి కదిలాయి. పడవాయన మేకలే అన్నాడు. చుట్టూ ఉప్పు సముద్రం. అవి ఏం తాగి బతుకుతున్నాయి?

---

హంద్రీగట్టు (కర్నూలు)
ఆదివారం, రాత్రి 10:05

ఐదు వేలు పెట్టి, వాంతులు చేసుకుని, దీవి ఎక్కకుండానే తిరిగొచ్చారు. శభాష్. ఆ డబ్బుకు అహోబిలం రెండుసార్లు పోయి రావచ్చు.

---

బట్టమేక (కర్నూలు)
ఆదివారం, రాత్రి 10:31

పందెంలో మీ బావమరిదే గెలిచాడు సార్. గరుడ పక్షి అని మనం పిలిచే గద్దకు తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్ళంతా ఇటుక రంగు. కేసీ కెనాల్ గట్టున కూడా కనిపిస్తుంది. మీరు చూసింది తెల్లకడుపు సముద్రపు గద్ద. దానికి తల నుంచి కడుపు దాకా తెలుపు, రెక్కల పైభాగం బూడిద రంగు. సైజు కూడా చాలా ఎక్కువ, రెక్కలు చాపితే ఆరడుగులు పైమాటే. తేలిపోతున్నప్పుడు రెక్కలు చదునుగా పెట్టదు, కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది. ఈసారి ఆ ఒక్కటి చూసుకోండి, చాలు.

పడమటి తీరంలో ఈ గద్దలు గూళ్ళు కట్టే చోట్లలో నేత్రాణికి మంచి పేరుంది. పుల్లలతో మంచమంత గూడు కడతాయి. ఏటా కొత్తది కట్టవు, పాతదానికే పుల్లలు చేరుస్తూ పోతాయి. చేపలతో పాటు సముద్రపు పాముల్ని కూడా ఎత్తుకుపోయి తింటాయి.

అక్కడ స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పక్షి కూడా ఉండాలి. చీకటి గుహల్లో తన ఎంగిలితోనే గూడు అల్లుకుంటుంది. వెలుతురు లేని చోట టిక్ టిక్ మని చప్పుడు చేస్తూ, ఆ చప్పుడు గోడకు తగిలి వెనక్కి వచ్చేదాన్ని బట్టి దారి వెతుక్కుంటుంది. ఆ గూళ్ళతో సూప్ చేసుకునే దేశాలున్నాయి. అందుకే దొంగతనాలు. నేత్రాణి గుహలో ఈ పక్షుల ఎముకలు దొరికాయని చదివాను. మీకు కనిపించిందా?

---

పెన్నాఇసుక (అనంతపురం)
ఆదివారం, రాత్రి 10:50

చిన్న పక్షులు గుంపుగా తిరిగాయి గానీ, అవి ఏవో చెప్పలేను. నా చూపంతా గద్ద మీదే ఉంది. బావమరిదికి మీ పోస్టు చదివి వినిపించాను, ఇక ఈ వారమంతా నాకు మనశ్శాంతి లేదు.

హంద్రీగట్టన్నా, ఎక్కడానికి పోలేదు, మునగడానికి పోయాం.

---

ఒంటిమిట్టఅక్క (కడప)
సోమవారం, ఉదయం 6:15

ఆ మునిగిన సంగతే రాయకుండా ఇడ్లీల సంగతి రాశావేంది నాయనా? మా అమ్మాయి ఈ పోస్టులన్నీ చదివి పొద్దున్నే గోల. ఈత రాకపోయినా మునగచ్చా? నీళ్ళ కింద అసలు ఏముంటుంది? సముద్రపు పాము అనేసరికి మా ఆయన అప్పుడే వద్దంటున్నాడు.

---

పెన్నాఇసుక (అనంతపురం)
సోమవారం, రాత్రి 8:20

అక్కా, బడి నుంచి వచ్చి ఇప్పుడు కూర్చున్నా. కొంచెం పొడుగ్గానే రాస్తా.

నాకూ ఈత రాదు. చిన్నప్పుడు దిగుడు బావిలో నడుముకు బెండ్లు కట్టి తోశారు, ఆ భయం ఇప్పటికీ పోలేదు. మొదటిసారి మునిగేవాళ్ళకు ఈత అక్కర్లేదు. నేర్పే మనిషి మన వీపు వెనక సిలిండర్ పట్టుకుని చివరిదాకా వదలడు. పడవలోనే చేతి సైగలు నేర్పిస్తారు. బొటనవేలు పైకి చూపిస్తే "బాగుంది" అని కాదు, "పైకి పోదాం" అని. నేను అలవాటు కొద్దీ బాగుందని బొటనవేలు చూపించాను, ఆయన నన్ను పైకి లాక్కొచ్చాడు. మళ్ళీ దిగాల్సి వచ్చింది.

దిగేటప్పుడు చెవుల్లో నొప్పి. ముక్కు మూసుకుని గాలి ఊదితే టప్ మని తెరుచుకుంటాయి. పది మీటర్ల నీళ్ళు నెత్తిన ఉంటే, మనం రోజూ మోసే గాలి బరువంత బరువు అదనంగా పడినట్టేనట. ఇంకో వింత ఏమిటంటే, బావమరిది ఎర్ర చొక్కా లోతుకు పోయే కొద్దీ మసిబట్ట రంగుకు మారింది. నీళ్ళు వెలుగులో ఎరుపును ముందు మింగేస్తాయి.

ఇక అక్కడ ఏముందంటే, దీవి కింద ఇంకో దీవి ఉంది. పైన కనిపించే రాయే లోపలికి మెట్లు మెట్లుగా దిగిపోయింది, ఆ రాయి నిండా పగడాలు. గుండ్రంగా మెదడులా ముడతలు పడినవి, కాలీఫ్లవర్ గుత్తుల్లాంటివి. వాటి మధ్య పసుపు, తెలుపు చారల సీతాకోక చేపలు జంటలు జంటలుగా. చిలక చేపకు నిజంగానే ముక్కుంది, రాతి మీద పెట్టి కొరుకుతుంటే కరకరమని నా చెవికి వినిపించింది. అది పగడపు రాతిని నమిలి, నాచు తిని, మిగిలిన పిండిని వెనక నుంచి వదులుతుంది. ఆ పిండే ఇసుక. పగడపు దీవుల్లో మనం చెప్పులు విడిచి నడిచే ఆ మెత్తటి తెల్ల ఇసుకలో చాలా వంతు ఇదేనని నేర్పే అబ్బాయి పైకొచ్చాక చెప్పాడు. మా ఆవిడ అప్పటి నుంచి బీచ్ ఫోటోలు చూసినప్పుడల్లా ముఖం అదోలా పెడుతోంది.

ఒక సందులోంచి మలుగు చేప, మొరే అంటారు, తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కరవడానికి అనుకుని నా గుండె ఆగినంత పనైంది. అది దాని ఊపిరి తీసుకునే పద్ధతి, అంతే. దూరంగా వెండి కడ్డీల్లాగా బారకుడా చేపలు నిలబడి ఉన్నాయి, ఈదడం లేదు, ఊరికే నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. బడిలో కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ను పిల్లలు చూసినట్టు.

పాము కనిపించలేదు అక్కా. సముద్రపు పాముకు విషం చాలా ఎక్కువే, తోక తెడ్డులా ఉంటుంది కాబట్టి గుర్తుపట్టచ్చు. మనం దాన్ని పట్టుకోకపోతే దాని జోలి అది చూసుకుంటుంది. పాపకు పదేళ్ళు నిండాయా? ఆ లోపు వాళ్ళను తీసుకోరు.

---

హంద్రీగట్టు (కర్నూలు)
సోమవారం, రాత్రి 8:47

సరే, ఈ పోస్టుకు ఐదు వేలు ఇవ్వచ్చు. అంత పగడాల మధ్య తిరిగావు, మా పిల్లోడికి కుజదోషం ఉంది, ఒక చిన్న ముక్క తేకపోయావా?

---

బట్టమేక (కర్నూలు)
సోమవారం, రాత్రి 9:02

తెచ్చి ఉంటే ఆయనకు శనిదోషం పట్టేది అన్నా. రాతి దిబ్బలు కట్టే పగడాలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం జాతే వేరు, అది ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది. ఇక్కడిది తెచ్చి ఉంగరంలో పెట్టినా కుజుడు ఒప్పుకోడు.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. చిన్న చిన్న జంతువులు గుంపుగా కట్టుకున్న ఇల్లు. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. వంట దానిది, ఇల్లు పగడానిది. నీళ్ళు కొన్ని వారాల పాటు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి గెంటేస్తుంది. రంగు చాలావరకు నాచుదే కాబట్టి తెల్లగా పాలిపోతుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. లేదంటే పగడం ఆకలితో చస్తుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లో ఇట్లా అయింది. పెన్నాఇసుక సార్, మీకు తెల్లటివి కనిపించాయా?

---

పెన్నాఇసుక (అనంతపురం)
సోమవారం, రాత్రి 9:10

కనిపించాయి. అది వాటి అసలు రంగేమో అనుకుని, అందంగా ఉన్నాయని వాటి దగ్గరే ఫోటో దిగాను.

---

కడపరాయి (ఎర్రగుంట్ల)
సోమవారం, రాత్రి 10:15

నాది బండల వ్యాపారం, కాబట్టి నేను రాయి సంగతే మాట్లాడతా. మీరు అంతదూరం పోయి ఇంకొంచెం కిందికి, ఉడుపి దగ్గర మల్పె దాకా పోకపోవడం తప్పు. అక్కడ సెయింట్ మేరీస్ దీవులు ఉన్నాయి. అక్కడా ఎవరూ కాపురం ఉండరు, కానీ దిగనిస్తారు, నడవచ్చు. మీరు ఊహించుకున్న కొబ్బరి చెట్లు అక్కడున్నాయి.

చెట్లు కాదు, రాళ్ళు చూడాలి. ఐదు పలకలు, ఆరు పలకలు ఉన్న స్తంభాలు పక్కపక్కనే పేర్చినట్టు. ఏ శిల్పీ చెక్కలేదు. మా దగ్గర చెరువు ఎండితే మట్టి నెర్రెలిచ్చి పలకలు పలకలుగా చీలుతుంది కదా, అదే పని లావా చేసింది. కరిగిన రాయి చల్లారుతూ ముడుచుకుని పైనుంచి కిందిదాకా పగిలింది. సుమారు 8.8 కోట్ల ఏళ్ళ కిందటి లావా అది. మడగాస్కర్ మన దేశం నుంచి విడిపోయింది ఆ కాలంలోనే. మా కడప బండలు దానికి ముత్తాతకు ముత్తాతలు, అది వేరే సంగతి.

నేను పోయినరోజు ఆ స్తంభాల సందుల్లో చిప్స్ ప్యాకెట్లు, నీళ్ళ బాటిళ్ళు. నేత్రాణిలో దిగనివ్వలేదని బాధపడకండి. దిగనిచ్చిన దీవి ఎట్లుంటుందో నేను చూసొచ్చా.

---

మందకాపరి (కళ్యాణదుర్గం)
మంగళవారం, ఉదయం 5:50

ఏమప్పా, అందరూ గద్ద గురించి, రాయి గురించి రాస్తిరి, మేకల గురించి ఒక్కరూ రాయకపోతిరి. అసలు ప్రశ్న అది కదా. మేకలు ఆడికి ఎట్ల పోయినాయి? ఈదుకుంటా పోయినాయా?

---

పెన్నాఇసుక (అనంతపురం)
మంగళవారం, మధ్యాహ్నం 1:30

పడవాయన చెప్పింది, అక్కడ చిన్న గుడి ఉందట. చేపలు పట్టేవాళ్ళు మొక్కుకుని మేకల్ని, కోళ్ళని తెచ్చి వదులుతారట. కోయరు, వదిలేస్తారు. నేవీవాళ్ళు ఒకప్పుడు ఈ దీవిని ఫిరంగుల గురికి వాడుకున్నారు. అదంతా తట్టుకుని మేకలు మిగిలాయి.

---

బట్టమేక (కర్నూలు)
మంగళవారం, సాయంత్రం 6:40

అన్నా, కోపగించుకోకు. దీవి మీద మేక అంటే నాకు భయం. గలాపగోస్ దీవుల్లో పడవలవాళ్ళు ఎప్పుడో మాంసం కోసం వదిలిన మేకలు పెరిగి పెరిగి, అక్కడి పెద్ద తాబేళ్ళకు తిండి లేకుండా చేశాయి. చివరికి లక్షకు పైగా మేకల్ని హెలికాప్టర్ల నుంచి కాల్చి మరీ తీసేశారు. దీవిలో మొక్కలకు మేక నోరు కొత్త. ముళ్ళు, చేదు, ఏ రక్షణా పెంచుకుని ఉండవు.

---

మందకాపరి (కళ్యాణదుర్గం)
మంగళవారం, రాత్రి 7:55

మేకనే తిడతారు అందరూ. వదిలింది మనిషి, కాల్చింది మనిషి, మధ్యలో తప్పు మేకదా?

నువ్వు చెప్పింది అబద్ధం అనను. గొర్రె వంచిన తల ఎత్తకుండా గడ్డి తింటుంది. మేక అట్ల కాదు, రెండు కాళ్ళ మీద లేచి చిగురు కోస్తుంది. మా ఊరి పక్క గుట్టకు ఐదేళ్ళు మంద తోలకుండా కంచె వేసినారు. నేను గొడవ పడినోళ్ళలో ఒకణ్ణి. ఐదేళ్ళకు ఆ గుట్ట మీద సీతాఫలం పొదలు మనిషెత్తు లేచినాయి. అది చూసినాక నోరు మూసుకున్నా.

నీళ్ళ సంగతి ఎవరైనా చెప్పండి. ఆకులో తడి ఉంటే మేక రెండు రోజులు నీళ్ళు అడగదు. ఎండాకాలం మాత్రం తప్పదు.

---

కడపరాయి (ఎర్రగుంట్ల)
మంగళవారం, రాత్రి 8:30

అండమాన్‌లో బారెన్ దీవి ఉంది. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కే అగ్నిపర్వతం అదొక్కటే. పోర్ట్‌బ్లెయిర్ నుంచి 138 కిలోమీటర్ల దాకా దూరం. 1787లో పేలినప్పుడు మొదటిసారి రాసిపెట్టారు. 19వ శతాబ్దంలో కొన్నిసార్లు పేలి, తర్వాత వందేళ్ళకు పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. 2017లో కూడా బూడిద చిమ్మింది. ఒకవైపు బూడిద, నల్ల లావా, ఇంకోవైపు అడవి. మనిషి పురుగు లేదు. ఆ అడవిలో మేకలున్నాయి, ఎప్పుడో ఓడవాళ్ళు వదిలినవి. ఉప్పు కలిసిన నీళ్ళు తాగి బతుకుతున్నాయని అంటారు. అగ్నిపర్వతం పక్కన బతికినవాటికి నేత్రాణి ఒక లెక్కా!

---

మందకాపరి (కళ్యాణదుర్గం)
మంగళవారం, రాత్రి 8:41

అట్ల చెప్పు. నా మేకలకు రేపు ఈ సంగతి చెప్తా.

---

ఒంటిమిట్టఅక్క (కడప)
బుధవారం, ఉదయం 6:30

మనుషులు దిగకపోతేనే అడవి బాగుంటుందని మీరంతా తేల్చేసినట్టున్నారు. హిందూపురం దగ్గర వీరాపురం చూడలేదా ఎవరూ? ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్యలో చింతచెట్ల మీదే గూళ్ళు పెడతాయి. కింద జనం, పైన కొంగ పిల్లలు. ఆ ఊరివాళ్ళు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. అక్కడ మనుషులు ఉండబట్టే కొంగలు ఉన్నాయి.

---

బట్టమేక (కర్నూలు)
బుధవారం, ఉదయం 9:12

అక్కా, నేను ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో తెలుసు కదా. రోళ్ళపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెట్టారు. చిన్నప్పుడు మా నాన్న నందికొట్కూరు రోడ్డు నుంచి జీపులో తీసుకుపోయి చూపించాడు, గడ్డిలో నిలబడితే దూడంత ఉండేది. ఏళ్ళుగా అక్కడ అది కనిపించడం లేదు. కొంగకు చెట్టు, చెరువు ఉంటే ఊరితో సర్దుకుపోతుంది. బట్టమేకకు మైళ్ళ కొద్దీ ఖాళీ గడ్డినేల కావాలి. గుడ్డు పెట్టేది నేల మీద, అదీ ఏడాదికి ఒక్కటి. కుక్క వచ్చినా, ట్రాక్టర్ వచ్చినా ఆ ఏడు పోయినట్టే. వీరాపురం న్యాయం దానికి వర్తించదు.

లక్షద్వీప్‌లో పిట్టి అని ఒక దీవి ఉంది. పేరు వింటేనే మనకు పిట్ట గుర్తొస్తుంది. మొత్తం మూడెకరాల ఇసుక, చెట్టు లేదు. సముద్రపు రేవు పిట్టలు వేల కొద్దీ వచ్చి ఇసుక మీదే గుడ్లు పెడతాయి. అక్కడ ఇద్దరు మనుషులు గంటసేపు తిరిగితే చాలు, తల్లులు లేచిపోతాయి, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి.

---

ఒంటిమిట్టఅక్క (కడప)
బుధవారం, ఉదయం 11:40

నేల మీద గుడ్డు పెట్టే పక్షి కథ నాకు చెబుతున్నావా! మా సిద్దవటం పక్కన కలివికోడి. 1900లో అనంతపురం వైపు ఎవరో దొర చూశాక మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది. పుస్తకాలు పోయిందన్న పక్షి ఇక్కడి పిట్టలు పట్టేవాళ్ళకు తెలుసు. దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. చుట్టూ చేన్లు, తోటలు, మధ్యలో ముళ్ళకంప అడవి. అది మాత్రం దీవి కాదా? ఆ అడవి పేరు లంకమల, పేరులోనే లంక ఉంది.

సరే, నీ మాట కొంత ఒప్పుకుంటా. మా పాపకు పదకొండు నిండాయి. ఏ నెలలో పోవాలి?

---

పెన్నాఇసుక (అనంతపురం)
బుధవారం, రాత్రి 8:05

అక్టోబరు తర్వాత, మే లోపల. వానాకాలం పడవలు పోవు. డిసెంబరు, జనవరిలో నీళ్ళు తేటగా ఉంటాయన్నారు. తిమింగల సొర కూడా అరుదుగా కనిపిస్తుందట, చేపల్లోకెల్లా పెద్దది, కానీ తినేది ఎక్కువగా చిన్న చిన్న నలుసులే. మాకు దక్కలేదు. పొద్దున ఇడ్లీ వద్దు అక్కా, వాంతుల మాత్ర పడవ ఎక్కే అరగంట ముందే వేసుకోండి. మునిగిన మరుసటి రోజు దాకా విమానం ఎక్కకూడదు. మనకెట్లాగూ హుబ్లీ రైలే.

బావమరిది తీసిన వీడియో ఇప్పుడే పంపాడు, ఇక్కడే పెడుతున్నా. 40వ సెకండు దగ్గర ఆపి చూడండి. రాతి అంచు మీద మూడు మేకలు. పైన గద్ద నీడ.

---

మందకాపరి (కళ్యాణదుర్గం)
గురువారం, ఉదయం 5:35

మా పిల్లోడి ఫోన్లో పెద్దది చేసి చూసినా. మూడు కాదు, నాలుగు. తల్లి వెనక రాతి నీడలో ఒక పిల్ల ఉంది, చూడు. నెల దాటి ఉండదు. చెవులు పొట్టివి, మన సీమ మేక కాదు.

ఇంకోటి. తల్లి పొదుగు నిండుగా ఉంది. ఉప్పునీళ్ళు తాగే మేకకు అంత పొదుగు రాదప్పా. ఆ కొండ మీద యాడనో రాతి దొనలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి.